స్టేషన్ నుంచి దూరం, దిక్కు

ఎఫ్ఐఆర్‌లో ఒక గడి ఉంటుంది:
నేరస్థలం. స్టేషన్ నుంచి దూరం, దిక్కు.
పదకొండేళ్లుగా నింపుతున్నాను.
మిర్చి యార్డు గేటైతే నాలుగు కిలోమీటర్లు, పడమర.
బ్రాడీపేట అడ్డరోడ్డయితే లెక్క కూడా చూసుకోను.
ఇవాళ పెన్ను అక్కడే ఆగింది.
ఒక పిల్ల, తన గదిలో, తన ఫోన్‌తో,
తన ఫొటో తనే తీసుకుని ఒక్కడికి పంపింది.
అందులో ఏముందో నేను రాయను.
దిక్కు మాత్రం రాయాలి కదా.

బెంచీ మీద ముగ్గురు తండ్రులు.
పంక్చర్ షాపు మస్తాన్‌వలి
వేళ్లకంటిన సొల్యూషన్ గోళ్లతో గీక్కుంటున్నాడు.
ఫొటో వచ్చింది అతని కొడుక్కి.
"ఇలాంటివి పంపకు, భయమేస్తోంది" అని జవాబిచ్చాడు వాడు,
చెరపడం మాత్రం మర్చిపోయాడు.
మర్చిపోవడానికీ ఒక సెక్షన్ ఉంది.
మూడో ఆయన వెంట వకీలు వచ్చాడు.
ఆయన కొడుకే, ఐదు నిమిషాలు ఫోనివ్వరా అని అడిగి
ట్యూషన్ గ్రూపులో పడేసింది.
నూట పన్నెండు మంది.
మధ్యలో కూర్చున్నాయన తలెత్తడం లేదు.

సెక్షన్ రెండుసార్లు చదివాను.
తీసినా, పంపినా, చూసినా, దాచినా
కామాలు పెట్టుకుంటూ ఒకే వాక్యం.
పిల్లల జోలికొచ్చే పెద్దవాళ్ల కోసం వేసిన వల,
గట్టి వలే, కాదనను,
దాంతో ఎందర్ని పట్టుకున్నామో నాకు తెలుసు.
"సార్, ఈ పిల్ల బాధితురాలా, ముద్దాయా?"
"రెండు గళ్లూ ఉన్నాయిగా. ముందు పేరు రాయకు."
పేరు రాయొద్దన్న ఆ ఒక్క రూలుకి
మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

మా అమ్మ దానమ్మ యార్డులో తొడిమలు తీసేది.
ముక్కుకి చెంగు కట్టుకుని రాశి ముందు కూర్చుంటే
కళ్లు మూసుకుని వేళ్లతో చెప్పేది:
ఇది తాలు, ఇది మచ్చ కాయ,
ఇది మంచులో తడిసింది,
ఇది పాపం, తొందరపడి కోశారు.
ఒక్క రాశికి నాలుగు ధరలు.
అన్నీ ఒకే టిక్కీలో తొక్కేవాణ్ణి చూస్తే
"బద్ధకం, ఒట్టి బద్ధకం" అని ఉమ్మేసేది.
కాయకి అంత విచారణ జరిగే ఊళ్లో
వీళ్ల ముగ్గురికీ ఒకటే కాటా.

నేనూ ఒకసారి రాశాను, పదో తరగతిలో, ఉత్తరం.
అమ్మకి దొరికింది.
చదవడం రాదు, నా మొహం చదివింది.
పొయ్యిలో పెట్టింది. దాని మీదే అన్నం ఉడికింది.
ఆ ఎండాకాలమంతా నాతో మాట్లాడలేదు.
అంతే. కేసు కొట్టేశారు.

పంచిపెట్టినవాణ్ణి వదిలేయమనను.
పిల్ల పది రోజులుగా గడప దాటలేదట,
కిటికీ రెక్కకి కూడా గడియ పెట్టుకుంటోందట.
కానీ వాడూ లోపల గదిలో మూడోసారి నీళ్లడుగుతున్నాడు,
గొంతు ఇంకా సగమే మారింది.
వాడికి ఏదో ఒకటి జరగాలి.
ఆ ఏదో ఒకటి ఎక్కడ రాసుందో
ఈ పుస్తకాల్లో వెతుకుతున్నాను.

గాలి మళ్లింది. యార్డు ఘాటు కిటికీలోంచి.
ముగ్గురు తండ్రులూ వరసగా తుమ్మారు,
వకీలు రుమాలు తీశాడు,
రెండో మడత మస్తాన్‌వలి వైపు చాపి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

దూరం: సున్నా, అని రాశాను.
కాగితం సార్ ముందు పెట్టాను.
కళ్లజోడు పైకి తోసుకుని వేలు ఆ గడి మీద ఆనించి
"దిక్కు ఖాళీగా వదిలేశావేం?" అన్నారు.

అప్పుడు ఎత్తాడు తల,
మధ్యలో కూర్చున్నాయన.